భయపెట్టి వదిలేస్తే అలవాట్లు మారవు

సంపాదకులకు,

పత్రికల ఆరోగ్య పేజీల్లో ఒక మూస స్థిరపడిపోయింది. జబ్బు ఎంత ప్రాణాంతకమో మొదటి నాలుగు పేరాల్లో చెబుతారు. ఎంతమంది చనిపోతున్నారో అంకెలిస్తారు. దెబ్బతిన్న ఊపిరితిత్తి ఫొటో పెద్దగా వేస్తారు. ఆఖరి రెండు లైన్లలో 'పొగ మానాలి, బరువు తగ్గాలి, రోజూ నడవాలి' అని ముగిస్తారు. ఆరోగ్య మనస్తత్వశాస్త్రం బోధించేవాళ్లుగా మాకు ఈ పాళ్లు తలకిందులుగా ఉన్నాయనిపిస్తుంది. భయానికి నాలుగు పేరాలు, చేయాల్సిన పనికి రెండు లైన్లు ఇస్తే పాఠకుడు భయపడతాడు తప్ప మారడు. పైగా ఒకే భయం అందరిమీదా ఒకేలా పనిచేయదు. ఎవరి స్వభావాన్ని బట్టి వాళ్లు అదే వార్తను వేరువేరుగా చదువుకుంటారు. ఈ రెండు విషయాలూ పట్టించుకోకుండా రాసిన వ్యాసం ఎంత నిజాయతీగా రాసినా వృథా పోతోందన్నదే మా బాధ.

ఈ సంగతి నిన్నమొన్న తెలిసింది కాదు. 1950ల్లో అమెరికా ప్రజారోగ్య శాఖ క్షయను ముందే పట్టుకోవడానికి ఎక్స్‌రే వాహనాలను జనం ఉండే చోటికే పంపింది. పైసా ఖర్చు లేదు, దూరం పోనక్కర్లేదు. అయినా చాలామంది రాలేదు. ఎందుకు రావడం లేదో తేల్చడానికి గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ అనే పరిశోధకుడు మూడు నగరాల్లో 1,200 మందికి పైగా పెద్దవాళ్లను ప్రశ్నించాడు. 'ఈ జబ్బు నాకూ రావచ్చు' అన్న నమ్మకం, 'ముందే పట్టుకుంటే మేలు జరుగుతుంది' అన్న నమ్మకం, ఈ రెండూ ఉన్నవాళ్లలో 82 శాతం మంది తమంతట తాము వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ లేనివాళ్లలో 21 శాతమే. జబ్బు భయంకరమైనదని అందరికీ తెలుసు. తేడా తెచ్చింది ఆ తెలివిడి కాదు, అది తన దాకా వస్తుందా, వస్తే తాను చేయగలిగింది ఏమైనా ఉందా అన్న లెక్క. తర్వాతి కాలంలో దీనికి ఇంకో అంశం కలిపారు: 'ఆ పని నా వల్ల అవుతుంది' అన్న ధీమా. మా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఇదే. పత్రికల్లో అన్నిటికన్నా తక్కువ కనిపించేదీ ఇదే.

1965లో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులపై హోవర్డ్ లెవెంతాల్ బృందం చేసిన ప్రయోగం మరీ స్పష్టం. ధనుర్వాతం టీకా వేయించుకోమని విద్యార్థులకు కరపత్రాలు ఇచ్చారు. కొన్ని కరపత్రాలు గుండెలు జారేలా ఉన్నాయి, కొన్ని మామూలుగా ఉన్నాయి. ఎక్కువ భయపడినవాళ్లు 'తప్పకుండా వేయించుకుంటాం' అని ఎక్కువగానే అన్నారు. అయితే టీకా కేంద్రం దాకా నడిచి వెళ్లడంలో మాత్రం భయం మోతాదు తేడా తేలేదు. తేడా తెచ్చింది ఒక పటం. కేంద్రం ఎక్కడుందో గుర్తుపెట్టిన పటం ఇచ్చి, 'నీ రోజువారీ తరగతుల మధ్య ఏ సమయంలో అటు వెళ్లగలవో చూసుకో' అని చెప్పిన విద్యార్థుల్లో సుమారు 28 శాతం మంది టీకా వేయించుకున్నారు. అది ఇవ్వనివాళ్లలో 3 శాతం. ఆ కేంద్రం ఎక్కడుందో చాలామందికి ముందే తెలుసు, అయినా పటం పనిచేసింది! ఇక్కడ భయం అక్కర్లేదని అనుకోవద్దు. భయం ఊసే లేకుండా ఒట్టి దారి చూపించినవాళ్లూ కదల్లేదు. కొంత కదిలింపు, ఆ వెంటనే కాలు పెట్టడానికి చోటు, రెండూ కావాలి.

దారి చూపకుండా భయం పెంచితే ఏమవుతుందో కిమ్ విట్టే 1992లో ఒక నమూనాగా వివరించారు. ముప్పు పెద్దదిగా కనిపించి, దాన్ని ఎదుర్కొనే దారి కూడా కనిపిస్తే మనిషి ముప్పు సంగతి చూస్తాడు. ముప్పు పెద్దదై, దారి కనిపించకపోతే ముప్పును వదిలేసి తన భయం సంగతి చూసుకుంటాడు. పేజీ తిప్పేస్తాడు. 'ఇదంతా మందుల కంపెనీల ప్రచారం' అంటాడు. 'పొగ తాగనివాడికి రాలేదా?' అని ఎదురడుగుతాడు. 'రాసిపెట్టి ఉంటే ఎవరు తప్పిస్తారు?' అంటాడు. కొందరైతే ఆ గుబులు తీరడానికి ఇంకో సిగరెట్ వెలిగిస్తారు. వీళ్లకు ఏమీ చెవికెక్కలేదని మనం విసుక్కుంటాం. నిజానికి చెవికి బాగానే ఎక్కింది, తట్టుకోలేనంతగా ఎక్కింది. ఇలాంటివాళ్లకు మోతాదు పెంచిన భయం అచ్చంగా హాని చేస్తుంది. వాళ్లకు ముందు తగ్గించాల్సింది భయాన్ని కాదు, పని బరువును. 'పొగ పూర్తిగా మానండి' అన్నది కొండలా కనిపిస్తుంది. 'మానే రోజు ఒకటి రెండు వారాల లోపు ఖాయం చేసుకోండి, ఈలోగా నికోటిన్ ప్యాచ్, గమ్ గురించి డాక్టరును అడగండి' అన్నది రేపు చేయదగ్గ పనిలా కనిపిస్తుంది.

ఇక ముప్పును అంచనా వేసుకునే తీరు. మనుషులు ఇందులో ఒక పద్ధతి ప్రకారమే పొరబడతారు. 1980లో నీల్ వైన్‌స్టీన్ కళాశాల విద్యార్థులను అడిగి చూపించింది ఇదే: చెడ్డవి తోటివాళ్లకన్నా తమకు తక్కువగా, మంచివి ఎక్కువగా జరుగుతాయని సగటు మనిషి నమ్ముతాడు. అందరూ సగటుకన్నా అదృష్టవంతులు కావడం కుదరదు కదా. కాబట్టి 'పొగ తాగేవాళ్లకు గుండెపోటు ముప్పు ఎక్కువ' అన్న వాక్యాన్ని పాఠకుడు కొట్టిపారేయడు, ఒప్పుకుంటాడు, కాని 'వాళ్లకు' అని చదువుకుంటాడు. తనను మినహాయించుకోవడానికి అతనికి ఏదో ఒక ఆధారం ఎప్పుడూ దొరుకుతుంది: నేను తాగేది తక్కువ, నాకు వ్యాయామం ఉంది, మా తాత తొంభై ఏళ్లు బతికాడు.

ముప్పు లక్షణాన్ని బట్టి కూడా అంచనా వంకరపోతుంది. పాల్ స్లోవిక్ 1987 నాటి వ్యాసంలో దీన్ని విడమరిచారు. ఒకేసారి చాలామందిని చంపేది, మన చేతిలో లేనిది, కొత్తది మనల్ని అతిగా భయపెడుతుంది. తెలిసినది, మనం ఎంచుకున్నది, నెమ్మదిగా చంపేది చప్పగా కనిపిస్తుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కారెక్కారు. ఆ తర్వాతి ఏడాదిలో అందువల్ల రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయారని గెర్డ్ గిగెరెంజర్ లెక్కగట్టారు. అధిక రక్తపోటుది సరిగ్గా రెండో కోవ, చప్పగా కనిపించే ముప్పు. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. 140/90 దాటినా మనిషి హాయిగానే ఉంటాడు. మాత్ర వేసుకున్న రోజూ, మానేసిన రోజూ ఒంట్లో ఒకేలా ఉంటుంది. ఒళ్లు చెప్పని ముప్పును అంకెలు చెప్పాలి. అందుకే ఆ అంకెలు ఎలా రాస్తున్నామన్నది చిన్న విషయం కాదు.

అంకెల విషయంలో పత్రికలు చేసే పొరపాటుకు ఎంత మూల్యం పడుతుందో 1995లో బ్రిటన్‌లో తేలింది. మూడో తరం, అంటే అప్పటికి కొత్తవైన గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు పాత మాత్రలతో పోలిస్తే రెట్టింపు అవుతుందని ఆ అక్టోబరులో అధికారిక హెచ్చరిక వెలువడింది. పత్రికలన్నీ 'రెట్టింపు', 'నూరు శాతం పెరుగుదల' అని పతాక శీర్షికలు పెట్టాయి. అసలు అంకె ఏమిటంటే, 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని. ఆడవాళ్లు మాత్రలు మానేశారు. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అదనంగా సుమారు 13,000 గర్భస్రావాలు జరిగాయని అంచనా. రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రకన్నా గర్భంలోనే ఎక్కువ! 'రెట్టింపు' అన్న మాట అబద్ధం కాదు, కానీ ఏదానికి రెట్టింపో చెప్పకపోతే అది వార్త కాదు. ముప్పు గురించి రాసే ప్రతి వాక్యంలో ఎంతమందిలో, ఎంతకాలంలో, ముందు ఎంత, తర్వాత ఎంత అన్నవి ఉండాలి. రెండు ముప్పులను పోల్చేటప్పుడు కింది సంఖ్య ఒకటే ఉండాలి. ఒకచోట 'వందలో ఒకరు', ఇంకోచోట 'వెయ్యిలో ఎనిమిది మంది' అని రాస్తే చాలామంది పాఠకులు ఎనిమిదినే పెద్దదనుకుంటారు.

అంకె సరిగ్గా చెప్పినా అది తనదని అనిపించాలి. 2008లో బ్రిటన్‌లో 561 మంది పొగతాగేవాళ్లపై ఒక ప్రయోగం జరిగింది. అందరికీ ఊపిరి పరీక్ష చేశారు, అందరికీ మానమని సలహా ఇచ్చారు. ఒక సగానికి పరీక్ష ఫలితాన్ని మామూలు అంకెల్లో కాగితం మీద పంపారు. రెండో సగానికి 'మీ ఊపిరితిత్తుల వయసు ఇంత', అంటే ఆ ఫలితం ఏ వయసు ఆరోగ్యవంతుడికి ఉండేదో, గ్రాఫు గీసి ఎదురుగా చెప్పారు. ఏడాది తర్వాత మొదటి జట్టులో 6.4 శాతం, రెండో జట్టులో 13.6 శాతం మంది పొగ మానేశారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఊపిరితిత్తుల వయసు బాగా ముదిరినట్టు తేలినవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువగా మానేశారని కాదు. మామూలుగా ఉందని తేలినవాళ్లూ మానేశారు. ఇంకా చేజారలేదన్న కబురు కూడా మనిషిని కదిలిస్తుంది. అలాగని వ్యక్తిగత సమాచారం ఏదైనా పనిచేస్తుందనుకోవడానికి లేదు. డీఎన్‌ఏ పరీక్షతో 'మీకు ఈ జబ్బు ముప్పు ఇంత' అని చెప్పడం వల్ల పొగ తాగడంలో గానీ, తిండిలో గానీ, వ్యాయామంలో గానీ మార్పు రాలేదని 18 అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి సమీక్ష తేల్చింది. డీఎన్‌ఏ పరీక్ష రిపోర్టు చేతికిచ్చి బతుకు మారిపోతుందని చెప్పే ప్రకటనలను చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

స్వభావం విషయానికి వద్దాం. అలవాట్లతో గట్టి ముడి ఉన్న గుణం ఒకటుంది: పద్ధతి. చెప్పిన టైముకు చేయడం, మొదలెట్టింది పూర్తి చేయడం, ముందూ వెనకా చూసుకోవడం. 1921లో లూయిస్ టర్మన్ మొదలుపెట్టిన అధ్యయనంలో సుమారు 1,500 మంది పిల్లలను జీవితాంతం గమనించారు. చిన్నప్పుడు తల్లిదండ్రులూ టీచర్లూ పద్ధతిగా ఉంటారని చెప్పిన పిల్లలే సగటున ఎక్కువకాలం బతికారని హోవర్డ్ ఫ్రీడ్‌మన్ బృందం 1993లో తేల్చింది. బాగా సరదాగా, ధీమాగా ఉండే పిల్లల ఆయుష్షు ఆ లెక్కన కొంచెం తక్కువే. 'నవ్వుతూ ఉంటే నూరేళ్లు' అని రాసేవాళ్లు ఇది గమనించాలి. పద్ధతి గల మనిషికి వివరమైన పట్టిక ఇస్తే చాలు, చేసుకుపోతాడు. అతని బలహీనత ఒక్కటే. పట్టికలో ఒక్క గడి ఖాళీగా ఉండిపోతే మొత్తం పాడైపోయినట్టు బాధపడతాడు.

ఆందోళన స్వభావం గలవాళ్ల కథ వేరు. వాళ్లకు ముప్పు గురించి చెప్పనక్కర్లేదు, అప్పటికే ఎక్కువ తెలుసు. ముప్పు ఎదురైనప్పుడు మనుషులు రెండు రకాలుగా ఉంటారని సుజేన్ మిల్లర్ చూపించారు. ఒకరు ప్రతి వివరం వెతికి వెతికి చదువుతారు. ఇంకొకరు ఆ మాటే వద్దని తప్పుకుంటారు. మొదటి రకం మనిషికి బీపీ మిషన్ కొనిస్తే రోజుకు పదిసార్లు చూసుకుంటాడు. చూసుకునేటప్పుడు పడే కంగారే అంకెను పెంచుతుంది, పెరిగిన అంకె ఇంకా కంగారు పెడుతుంది. అతనికి 'కంగారు పడకండి' అని చెప్పడం దండగ. ఎప్పుడు చూసుకోవాలో, ఎప్పుడు చూసుకోకూడదో చెప్పాలి: కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేలమీద ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాసుకోవాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అలా ఒక వారం. ఆ వారం సగటు డాక్టరుకు చూపించాలి. మధ్యలో మిషన్ పెట్టెలోనే ఉండాలి. ఇలా చెబితే అతని ఆందోళనే అతనికి సాయం చేస్తుంది. రెండో రకం మనిషికి ఇదంతా వినిపిస్తే పారిపోతాడు. అతనికి ఒకే ఒక్క పని, ఒకే తేదీ చాలు.

దుడుకు స్వభావం గలవాళ్లకు ఇరవై ఏళ్ల తర్వాతి క్యాన్సర్ లెక్కలోకి రాదు. వాళ్లకు దగ్గరి లాభం చూపించాలి: సిగరెట్ మానిన 20 నిమిషాల్లో గుండె వేగం, రక్తపోటు దిగుతాయి, 12 గంటల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుకు వస్తుంది, ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు దాదాపు సగమవుతుంది. అంతకన్నా ముఖ్యం, వాళ్ల మనోబలం మీద భారం వేయకూడదు. పెట్టె, లైటర్, యాష్‌ట్రే ఇంట్లో లేకుండా చేయాలి. తాగాలన్న కోరిక మామూలుగా కొద్ది నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో సిగరెట్ చేతికి అందకపోతే చాలాసార్లు గండం గడుస్తుంది. కలుపుగోలు మనుషులకు తోడు దొరికితే నడక సాగుతుంది. కాకపోతే తోడే వాళ్లను మళ్లీ తాగించేది కూడా, కాబట్టి మానిన మొదటి వారాల్లో ఎవరితో కూర్చోవాలో ముందే అనుకోవాలి. అంతా విధి అనుకునేవాళ్లతో వాదించడం మానేయాలి. ఒక చిన్న కొలత ఎంచుకుని, వాళ్ల చేతుల మీదుగా అది మారడం వాళ్లకే చూపించాలి.

స్వభావాన్ని బట్టి సాయం చేయడం కాగితాల మీది మాట కాదు. పాట్రిషియా కాన్రాడ్ బృందం విద్యార్థుల్లో నిరాశ, ఆందోళన, దుడుకుతనం, ఉత్తేజం కోసం వెతికే గుణం అన్న నాలుగింటిని చిన్న ప్రశ్నావళితో గుర్తించి, ఏ గుణం వాళ్లకు ఆ గుణానికి తగ్గట్టు 90 నిమిషాల చొప్పున రెండే తరగతులు పెట్టింది. లండన్ బడుల్లో శిక్షణ పొందిన టీచర్లే ఈ తరగతులు నడిపారు. ఆ తరగతులు లేని బడులతో పోలిస్తే తర్వాతి రెండేళ్లలో మద్యం వాడకం తక్కువగా ఉంది. ఆ తరగతుల్లో ఎక్కువ భాగం మద్యం గురించి కాదు, తమ స్వభావంతో ఎలా నెగ్గుకురావాలో గురించి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. స్వభావం పేరుతో మనుషులకు ముద్రలు వేయొద్దు. ఇవన్నీ సగటు ధోరణులు, ఒక్కొక్కరి జాతకాలు కావు. 'టైప్ ఏ' మనుషులకే, అంటే ఎప్పుడూ తొందర, పోటీ, కోపంతో ఉండేవాళ్లకే గుండెపోటు అన్న సిద్ధాంతం 1950ల నుంచి దశాబ్దాలపాటు వెలిగింది. దాని మీద జరిగిన పరిశోధనల్లో కొన్నింటికి పొగాకు కంపెనీలు డబ్బిచ్చాయన్నది తర్వాత బయటపడింది. తప్పు సిగరెట్‌ది కాదు, మనిషిది అని తేలితే వాళ్లకు లాభం కదా. స్వభావం రాతిగీత కూడా కాదు. చికిత్సల వల్ల స్వభావంలో వచ్చే మార్పును 207 అధ్యయనాల్లో చూసిన 2017 నాటి సమీక్ష ప్రకారం, సగటున 24 వారాల చికిత్సలో గుర్తించదగ్గ మార్పు వచ్చింది, అందులోనూ ఆందోళన స్వభావంలో ఎక్కువగా.

ఇక అన్ని స్వభావాలకూ పనికొచ్చేది ఒకటుంది. సంకల్పం గట్టిగా పెరిగినా ప్రవర్తనలో వచ్చే మార్పు అందులో దాదాపు సగమేనని వెబ్, షీరన్ 2006లో 47 ప్రయోగాల నుంచి లెక్కగట్టారు. ఆ ఖాళీని పూడ్చడానికి పీటర్ గోల్‌విట్జర్ చూపిన దారి తేలిక: 'ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను' అని ముందే వాక్యం రాసుకోవడం. 'రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను' అన్నది కోరిక మాత్రమే. 'పొద్దున పళ్లు తోముకుని బ్రష్ కింద పెట్టగానే, పక్కనున్న డబ్బాలోంచి ఆ రోజు గడిలోని మాత్ర వేసుకుంటాను' అన్నది పథకం. వారానికి ఏడు గడులున్న డబ్బా అయితే వేసుకున్నామా లేదా అన్న అనుమానం రాదు, రెండోసారి వేసుకునే ప్రమాదం ఉండదు. ఈ వాక్యాలు ఎక్కడ చెడతాయంటే, మొదటి సగం వదులుగా ఉన్నచోట. 'తీరిక దొరికినప్పుడు నడుస్తాను' అంటే ఆ తీరిక ఎప్పటికీ రాదు. రెండో సగంలో 'చేయను' అని ఉన్నచోట కూడా చెడతాయి. 'టీ తాగాక సిగరెట్ తాగను' అనుకుంటే మనసులో మెదిలేది సిగరెట్టే. 'టీ కప్పు కింద పెట్టగానే లేచి పంటి పుల్ల నోట్లో పెట్టుకుని బయటికి నడుస్తాను' అనుకోవాలి. ఒకేసారి అయిదారు వాక్యాలు రాసుకుంటే ఏదీ నిలవదు. ఊరు వెళ్తే బ్రష్ పక్కన డబ్బా ఉండదు, దానికి వేరే వాక్యం కావాలి.

'21 రోజుల్లో అలవాటు' అన్న ప్రచారాన్ని పత్రికలు ఇకనైనా ఆపాలి. ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి వేసిన లెక్కలో ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు పడటానికి పెద్ద అడ్డంకి కాలేదు. 22వ రోజున ఇంకా కష్టంగా ఉందని 'నా వల్ల కాదు' అనుకుని వదిలేసేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంత మేలో!

కాబట్టి మా విన్నపం ఇది. జబ్బు గురించి వ్యాసం వేసినప్పుడు సగం చోటు పనికి కేటాయించండి. ఏ పరీక్ష, ఏ వయసు నుంచి, ఎన్నాళ్లకోసారి, ఎక్కడ, ఎంతసేపు పడుతుంది, ముందు రోజు ఏం చేయాలి అన్నవి రాయండి. పాఠకుడు తన వాక్యం తానే పూరించుకోవడానికి ఖాళీలున్న చిన్న పెట్టె వేయండి. పతాక శీర్షికలో శాతం ఉంటే మొదటి పేరాలోనే అసలు సంఖ్యలు ఇవ్వమని ఉపసంపాదకులకు చెప్పండి. ఇంకొకటి: ఇప్పుడు వ్యాసాలన్నీ మొదలుపెట్టమని చెప్పేవే. మొదలుపెట్టి జారినవాళ్లకు చోటు లేదు. పొగాకు వ్యతిరేక దినం మే 31న ప్రత్యేక పేజీ వేస్తారు కదా, ఆగస్టు మొదటి వారంలో అదే పేజీలో ఇంకో వ్యాసం వేయండి. ఒకసారి తాగినంత మాత్రాన మానడం విఫలమైనట్టు కాదని, మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో, ఈసారి ఏ వాక్యం మార్చుకోవాలో వాళ్లకోసం రాయండి.

ఇట్లు,
ఆరోగ్య మనస్తత్వశాస్త్ర అధ్యాపకులు